మొదటి ర్యాంకు నాది, రెండోది భాయ్‌ది

ఇప్పుడు ఏ చిన్న పట్నానికి వెళ్లినా బస్టాండు దగ్గర్లో ఒక స్నూకర్ పార్లర్ కనిపిస్తోంది. కాలేజీ పిల్లలు గుంపుగా ఆడుతుంటారు. బంతిని కొట్టే క్యూ కర్ర పట్టుకోవడం సరిగ్గా రాకపోయినా గెలవాలన్న ఆరాటం మాత్రం వాళ్ల మొహాల్లో దండిగా ఉంటుంది. నేను కాసేపు తలుపు దగ్గర నిలబడి చూసి వస్తుంటాను. ఎవరైనా "ఆడుతరా పెద్దాయనా?" అని అడిగితే నవ్వి ఊరుకుంటాను. గెలవకుండా ఉండడమే ఉద్యోగంగా ఈ ఆట ఆడినవాడినని చెబితే ఆ పిల్లలకు అర్థం కాదు. అందుకే ఇక్కడ కాస్త తీరిగ్గా చెబుతాను.

నేను మార్కర్‌ని. అంటే క్లబ్బులో బిలియర్డ్స్ గది చూసుకునే నౌకరుని. పొద్దున బల్ల మీది పచ్చబట్టను ఒకే దిక్కుగా బ్రష్ చేసి, ఇస్త్రీ పెట్టె తిప్పి, సాయంత్రానికి సిద్ధంగా ఉంచాలి. సభ్యులు ఆడుతుంటే పాకెట్లలో పడిన బంతులను తీసి వాటి చోట్లలో పెట్టాలి. గోడ బోర్డు మీద స్కోరు జరపాలి. జోడీ దొరకని సభ్యుడు వస్తే అతనితో ఆడాలి. ఆ చివరి పనిలోనే ఉంది కిటుకంతా. కోర్టులోనో ఆఫీసులోనో రోజంతా తలనొప్పి పడి వచ్చిన పెద్దమనిషి మార్కర్ చేతిలో ఓడి ఇంటికి పోదామని రాడు. అలాగని ఉత్తపుణ్యానికి గెలిపిస్తే అతనికి మజా ఉండదు. ఆటను చివరి బంతి దాకా లాక్కుపోయి వెంట్రుకవాసిలో ఓడాలి. ఓడినట్టు మనకు తెలియాలి, ఓడించినట్టు అతనికి అనిపించాలి. మంచి మార్కర్ అంటే అది.

మాది అచ్చంపేట పక్కన ఒక పల్లె. బాపుకు కొంత చెలక ఉండేది. జొన్న, ఆముదం వేసేవాడు. వానలు పడితే పంట, లేకపోతే మంట. పది తప్పి ఇంటి దగ్గర ఉంటున్న నన్ను, తెలిసిన పట్వారీ ఒకాయన మహబూబ్‌నగర్ తీసుకొచ్చి ఈ క్లబ్బులో పెట్టించాడు. ఎనభైలు అప్పుడే మొదలైన కాలం అది. పనేమిటో బాపుకు ఎంత చెప్పినా ఎక్కలేదు. "గోటీలాడితే జీతమిస్తరా పట్నంల?" అని చాలాకాలం అడుగుతూనే ఉన్నాడు.

క్లబ్బులో నాకంటే ముందు నుంచే ఒక మార్కర్ ఉన్నాడు. కొల్లాపూర్ మనిషి, ముస్లిం, నాకంటే పదేళ్లు పెద్ద. వాళ్ల అబ్బా కొల్లాపూర్ సంస్థానం వాళ్ల దగ్గర బిలియర్డ్స్ బల్ల చూసుకునేవాడట. సంస్థానం పోయింది, బల్ల పోయింది. విద్య మాత్రం కొడుక్కి మిగిలింది. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి నడిచేవాడు. ఆటకు వంగీ వంగీ నడక కూడా అలాగే అయిపోయిందని మేం నవ్వేవాళ్లం. నేను మొదటిరోజు నుంచీ ఆయన్ని భాయ్ అన్నాను. ఆయన నన్ను తమ్మీ అన్నాడు. అంతకు మించి పేర్లతో మాకు పనిపడలేదు.

ఓడడం ఆయనే నేర్పాడు. డాక్టర్ సాబ్‌తో ఎలా ఓడాలి, ఇంజనీర్ సాబ్‌తో ఎలా ఓడాలి, ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క. ఆయన కొట్టిన బంతి పాకెట్ అంచును తాకి, లోపలికి పోవాలా వద్దా అని ఆలోచించినట్టు కాసేపు ఊగి, బయటే ఆగిపోయేది. సభ్యుడు "అరెరె" అని జాలిపడేవాడు. భాయ్ తల అడ్డంగా ఊపుతూ నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పు చూస్తే నాక్కూడా నిజమేననిపించేది.

అయితే పొద్దున ఆట వేరు. క్లబ్బు తెరవకముందే మేమిద్దరం వచ్చి బల్ల సిద్ధం చేసేవాళ్లం. బట్ట బాగుందో లేదో చూడాలి కదా అన్న వంకతో ఒక ఆట ఆడేవాళ్లం. పక్షుల అరుపు తప్ప ఇంకేమీ వినిపించని ఆ గదిలో, బల్ల మీద ఒక్క దీపం వేసుకుని ఆడే ఆట అది. కొత్తలో ఒకసారి, పెద్దాయన కదా అని నేను తేలికైన బంతిని కావాలనే వదిలేశాను. భాయ్ క్యూ పక్కన పెట్టేశాడు. "నాతోని గట్ల ఆడకు తమ్మీ. సాయంత్రమంత గదే ఆట గద మనది. పొద్దుగాల జర సచ్చా ఆడుదాం" అన్నాడు. కోపంగా అనలేదు. కానీ ఆ మాట తర్వాత నేను ఆయన ముందు ఒక్క బంతిని కూడా కావాలని వదల్లేదు. ఆయనా వదల్లేదు. ఎక్కువసార్లు ఆయనే గెలిచేవాడు. కొన్నేళ్లకు నేనూ గెలవడం మొదలుపెట్టాను. గెలిచిన రోజు చాయ్ ఆయన తెచ్చేవాడు.

భాయ్‌కి ఒక్కటే కొరత ఉండేది. దాని గురించి ఆయన ఎప్పుడూ వాపోలేదు గాని నాకు తెలుసు. ఆయన చేతికింద నేర్చుకున్న సభ్యులు పోటీలకు హైదరాబాద్ వెళ్లేవాళ్లు. క్యూల పెట్టె మోసుకుని భాయ్ వెంట వెళ్లేవాడు. అక్కడ ఆడడానికి ఆయనకు అర్హత లేదు. ఆట ద్వారా జీతం తీసుకుంటాడు కాబట్టి ఆయన ప్రొఫెషనల్. పోటీలేమో అమెచ్యూర్లకు. మా జీతం సంగతి తెలిసినవాళ్లెవరైనా ఆ మాటకు నవ్వాలి. కానీ రూల్ రూలే. భాయ్ గ్యాలరీలో కూర్చుని, తన శిష్యులు వేయలేకపోయిన బంతులను చూసి, క్యూలు తుడిచి, పెట్టె మోసుకుని వచ్చేవాడు.

ఎనభైల చివర్లో ఒక రోజు క్లబ్బు సెక్రటరీగారు మమ్మల్నిద్దరినీ వరండాలోకి పిలిచాడు. ఆయన వకీలు. నెమ్మదస్తుడు. మా ఇద్దరినీ కుర్చీల్లో కూర్చోమన్నాడు. అప్పుడే ఏదో ఉందనుకున్నాం. రాష్ట్రంలోని క్లబ్బుల మార్కర్లకూ కోచ్‌లకూ మాత్రమే ఒక ప్రొఫెషనల్ ర్యాంకింగ్ టోర్నమెంటు పెట్టాలని రాష్ట్ర బిలియర్డ్స్ సంఘం వాళ్లు నిర్ణయించారట. మొదటిది మా క్లబ్బులోనే జరపడానికి ఆయన ఒప్పుకుని వచ్చాడట. గెలుపోటముల్ని బట్టి ర్యాంకులిస్తారు. మొదటి ర్యాంకు వచ్చినవాణ్ని హైదరాబాద్‌లో ఒక పెద్ద క్లబ్బు కోచ్‌గా తీసుకుంటామందట.

భాయ్ అంతా విని, "మమ్ముల ఏమంటరన్నరు సాబ్?" అని అడిగాడు.

"ప్రొఫెషనల్ ప్లేయర్స్" అన్నాడు వకీల్ సాబ్.

భాయ్ "ప్లేయర్స్" అని ఒకసారి తనలో తాను అనుకున్నాడు. లేచి నిలబడి సలాం చేసి గదిలోకి వెళ్లిపోయాడు. నేను వెనకే వెళితే, అప్పటికే బ్రష్ చేసిన బట్టను మళ్లీ బ్రష్ చేస్తున్నాడు.

టోర్నమెంటుకు నల్ల వెయిస్ట్‌కోటూ బో టై తప్పనిసరి అన్నారు. ఊళ్లో షేర్వానీలు కుట్టే దర్జీ ఒకాయన భాయ్‌కి చుట్టం. ఆయనకు బొమ్మ చూపించి చెప్పాం. తలూపాడు. తీరా కుట్టి తెచ్చినవి చూస్తే చేతులు లేని షేర్వానీల్లా మెడ దాకా కాలరుతో ఉన్నాయి. బో టై పెట్టుకోవడానికి చోటే లేదు. విప్పి మళ్లీ కుట్టడానికి వ్యవధి లేదు. భాబీ, అంటే భాయ్ భార్య, ఆ కాలర్లను లోపలికి మడిచి కుట్టి ఎలాగో గండం గట్టెక్కించింది. అద్దం ముందు నిలబడ్డప్పుడు భాయ్ అటు తిరిగీ ఇటు తిరిగీ చూసుకున్నాడు. తర్వాత, బ్యాండు మేళంవాళ్లలాగా ఉన్నామని అన్నాడు. కానీ ఆ కోటు విప్పడానికి మాత్రం ఇష్టపడలేదు.

రాష్ట్రం నలుమూలల నుంచీ మార్కర్లు వచ్చారు. కొందరు రాత్రి బస్సు దిగి క్లబ్బు వరండాలోనే పడుకున్నారు. ఆలేరు నుంచి ఒకాయన వచ్చాడు. రైల్వేవాళ్ల క్లబ్బులో మార్కర్, మాటకారి, బంతి కంటే ముందు ఆయన నోరు కదిలేది. నల్లగొండ క్లబ్బు నుంచి వచ్చినాయనకు నడుము వంగేది కాదు. చిన్నప్పటి నుంచీ అక్కడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయాయి. అందరం గడ్డం క్యూకి ఆనించి ఆడుతుంటే ఆయన నిటారుగా నిలబడి పైనుంచి చూస్తూ ఆడేవాడు. అయినా బంతులు పడేవి.

మొదటి రోజు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అంతమంది మార్కర్లు ఒకచోట చేరి ఒకరితో ఒకరు ఆడడం అదే మొదలు. ఎవరికీ జనం ముందు గెలవడం అలవాటు లేదు. గుంటూరు నుంచి వచ్చిన ఇద్దరు ఒకరికొకరు తేలికైన బంతులు వదులుకుంటూ, "మీరు కానియ్యండి" "అబ్బే మీరే" అన్నట్టు ఒక్క ఆటనే ఎంతో సేపు సాగదీశారు. ఎవరి వంతైనా సరే, బంతి పాకెట్‌లో పడగానే ఇద్దరు ఆటగాళ్లూ ఒకేసారి చెయ్యిపెట్టి తీసి దాని చోట పెట్టడానికి పరుగెత్తేవారు. ఆ రోజు రిఫరీలుగా ఉన్నది మా సభ్యులే. ఆ పని తమదని చెప్పీ చెప్పీ వాళ్లకు నోరు నొప్పిపుట్టింది. మా డాక్టర్ సాబ్ చివరికి, "ఇయ్యాల మార్కర్‌ను నేను. మీరు కూసోండి" అని గట్టిగా అన్నాడు. అందరం నవ్వుతూ కూర్చున్నాం. కానీ కూర్చున్న తర్వాత ఆ నవ్వు ఆగింది. మేం కూర్చుని ఉంటే వాళ్లు నిలబడి మా స్కోరు జరుపుతున్నారు. అది మాకందరికీ ఒకేసారి తెలిసింది.

నేనూ మొదటి మ్యాచులో మొదటి ఆట ఓడాను. చేతి అలవాటు అంతే. చివరి బంతి అంచున ఆగిపోయినప్పుడు, అది నేను ఆపానో అదే ఆగిందో నాకే తెలియలేదు. విరామంలో భాయ్ నా దగ్గరికి వచ్చి ఒక్కటే మాట చెప్పాడు. ఎదుటివాడి మొహం చూడొద్దు, పొద్దున పూట ఆడుతున్నాననుకో, అన్నాడు. అలాగే అనుకున్నాను. గెలిచాను. ఆ మర్నాడూ గెలిచాను.

సెమీ ఫైనల్లో నా ఎదుట నల్లగొండ ఆయన. ఆట సగంలో ఉండగా కరెంటు పోయింది. ఎండాకాలం మధ్యాహ్నాలు పాలమూరులో కరెంటు అలా పోవడం మామూలే. అందరం బయటికి వచ్చి వేపచెట్టు కింద కూర్చున్నాం. ఆయన కూర్చోలేక చెట్టుకు ఆనుకుని నిలబడ్డాడు. వంగకుండా గురి ఎలా కుదురుతుందని నేను అడిగాను. "కుదరక ఏం జేస్తది తమ్మి. వంగుడు బందైంది గని ఆట బంద్ జేసుకుంటమా" అన్నాడు. కరెంటు వచ్చాక ఆయన నన్ను చెమటలు పట్టించాడు. చివరి ఆటలో గెలిచి బయటపడ్డాను. రెండో సెమీ ఫైనల్లో భాయ్ ఆలేరు ఆయన నోరు మూయించాడు. ఓడిన తర్వాత ఆలేరు ఆయనే అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు, ఆ మనిషి ఆడుతుంటే మాటలు మర్చిపోయానని.

ఇక ఫైనల్ మా ఇద్దరికే. ఒకే క్లబ్బు, ఒకే బల్ల, ఒకే గది.

ఆ సంగతి తెలిసి బాపు ఊరి నుంచి వచ్చాడు. వకీల్ సాబ్ ఆయన్ని ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. బాపు తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని, ఊపిరి గట్టిగా పీల్చినా ఆట చెడుతుందేమో అన్నట్టు బిగుసుకుని కూర్చున్నాడు. రెండో వైపు భాబీ, పిల్లలు. సభ్యులంతా వచ్చారు. కూర్చునే చోటు లేక కిటికీల అవతల కూడా జనం నిలబడ్డారు.

ఆడడం మొదలుపెట్టాక ఆ జనమంతా నాకు మాయమైపోయారు. ఇన్నేళ్లూ మేమిద్దరమే ఆడుకున్న ఆట కదా. ఆయన ఒక ఆట గెలిస్తే నేను ఒకటి గెలిచాను. ఆయన బంతిని ఎక్కడ దాచిపెడతాడో నాకు తెలుసు. నేను ఎక్కడ తొందరపడతానో ఆయనకు తెలుసు. అంత బాగా నేను అంతకుముందు ఆడలేదు, ఆ తర్వాతా ఆడలేదు. సమానంగా వచ్చి చివరి ఆట మిగిలింది. ఆ ఆటలోనూ బల్ల మీద చివరికి రెండే బంతులు మిగిలాయి, పింక్, బ్లాక్. నేను కొద్దిగా ముందున్నాను. వంతు భాయ్‌ది. రెండూ వేస్తే ఆట ఆయనది, టోర్నమెంటు ఆయనది.

పింక్ కష్టమైంది. అవతలి మూల నుంచి సన్నగా కోయాలి. వేశాడు. పింక్ పాకెట్‌లో పడింది. తెల్ల బంతి మెల్లగా దొర్లుకుంటూ వచ్చి బ్లాక్ వెనక సరిగ్గా కావలసిన చోట ఆగింది. ఇక బ్లాక్, దాని ముందు పాకెట్. మధ్యలో ఏమీ లేదు. భాయ్ అలాంటి బ్లాక్‌ను వేలసార్లు వేయగా నేను చూశాను. నేను మనసులో అప్పటికే ఓడిపోయి, లేచి ఆయనకు చెయ్యి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. నిజం చెబుతున్నాను, సంతోషంగానే ఉన్నాను.

భాయ్ వంగాడు. క్యూ ముందుకూ వెనక్కీ ఆడించాడు. ఎప్పటికంటే ఒకటి రెండు సార్లు ఎక్కువ ఆడించాడు. కొట్టాడు. బ్లాక్ పాకెట్ అంచును తాకి, అటొకసారి ఇటొకసారి ఊగి, బయటే ఆగిపోయింది.

ఆ బంతి అలా ఊగి ఆగడం నేను ఎన్ని సాయంత్రాలు చూశానో! డాక్టర్ సాబ్ కోసం, ఇంజనీర్ సాబ్ కోసం. ఇప్పుడు నా కోసమా?

లేచి బల్ల దగ్గరికి వెళ్లాను. బ్లాక్ పాకెట్ నోట్లో ఉంది. ఊదితే పడుతుంది. దాన్ని తప్పు కొట్టడం కూడా నాకు వచ్చు. నేర్పిందే ఆయన. ఎవరికీ అనుమానం రాకుండా తప్పి, మళ్లీ ఆయనకు వదిలేయొచ్చు. వంగి, క్యూ పట్టుకుని, తల కొంచెం ఎత్తి కుర్చీలో ఉన్న ఆయన వైపు చూశాను. నేనేం ఆలోచిస్తున్నానో ఆయనకు తెలిసిపోయింది. తల అడ్డంగా ఊపాడు. చాలా కొద్దిగా, నాకు మాత్రమే కనపడేటట్టు.

బ్లాక్ వేశాను.

చప్పట్లు చాలాసేపు మోగాయి. భాయ్ వచ్చి నన్ను గట్టిగా కావలించుకున్నాడు. ఆయన గుండె దడదడ కొట్టుకోవడం నా ఛాతీకి తెలిసింది. వకీల్ సాబ్ కప్పు ఇచ్చాడు. బాపు దగ్గరికి వచ్చి, "గెలిస్తివి గదరా, మొకం గట్ల పెట్టినవేంది?" అని అడిగాడు. కప్పు ఆయన చేతిలో పెట్టాను.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే ఇద్దరం వచ్చాం. అన్ని రోజుల ఆటతో బట్టంతా చాక్ మరకలు. ఆయన ఒక వైపు నుంచి, నేను ఒక వైపు నుంచి బ్రష్ చేస్తున్నాం. పేపర్లో లోపలి పేజీలో మా టోర్నమెంటు ఫలితాలు రెండు మూడు వాక్యాల్లో వేశారు. మొదటి ర్యాంకు నాకు, రెండోది భాయ్‌కి. నా ఇంటిపేరు తప్పు పడింది. భాయ్ అది చూసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బ్రష్ ఆపి అడిగాను.

"భాయ్, గా బ్లాక్ ఎందుకు ఇడిసిపెట్టినవు?"

ఆయన బల్ల చివరి దాకా బ్రష్ లాక్కుపోయి, దులిపి, అప్పుడన్నాడు. "నేను కావాల్నని తప్పితే నీకు అనుమానం గూడ రాకపోయేది తమ్మీ. గంత కచ్చా పని జేస్తనా నేను?"

అది నిజమే. ఆలోచిస్తే అంత పెద్ద రుజువు ఇంకొకటి లేదు. అయినా నా మొహం తేలికపడలేదని చూసి, బల్ల అంచున కూర్చున్నాడు. మేం ఎప్పుడూ బల్ల మీద కూర్చోం.

"పింక్ వడ్డంక నాకు గెల్వాలనిపించింది" అన్నాడు. "ఇన్నేండ్లల్ల ఎన్నడు అనిపియ్యలే. గట్ల అనిపియ్యొద్దనే బతికిన. బ్లాక్ ముంగట వంగంగనే లోపల్నుంచి ఒకటే ఆశ. చెయ్యి నా మాట ఇనలే. గంతే తమ్మీ, గింకేం లేదు."

తర్వాత నా వీపు మీద చరిచి, హైదరాబాద్ పోయి పేరు తెచ్చుకోమన్నాడు. వచ్చే ఏడు టోర్నమెంటులో నన్ను ఓడించి రెండో ర్యాంకుకు దింపుతానని చెప్పాడు. "ఇప్పుడు గా ఆశ నాకు అలవాటైతది. సూడు మల్ల" అన్నాడు.

నేను హైదరాబాద్ వెళ్లాను. పెద్ద క్లబ్బు, ఒకే గదిలో వరసగా బల్లలు. నన్ను కోచ్ అనేవాళ్లు. పెళ్లయ్యాక నా భార్యకు ఊరు నచ్చింది, పిల్లలకు బడి దొరికింది. అంతా బాగానే ఉంది. కానీ పొద్దున పూట బట్ట బ్రష్ చేసేటప్పుడు, బల్లకు రెండో వైపు నుంచి వచ్చే ఆ బ్రష్ చప్పుడు కోసం చెవులు వెతికేవి. అక్కడ నాతో ఆడేవాళ్లకు కొదవలేదు. నన్ను ఓడించగలిగినవాళ్లూ ఉన్నారు. అయినా ఏ ఆటా ఆ ఆట కాలేదు. ఎందుకని చాలా ఆలోచించాను. గెలుపుకు జీతం లేని చోట, ఓటమికి జీతం లేని చోట, ఒక మనిషితో ఉత్తపుణ్యానికి పూర్తి నిజాయితీగా ఉండడం మళ్లీ నాకు దొరకలేదు.

అప్పుడప్పుడు క్లబ్బు ఫోన్ నుంచి మహబూబ్‌నగర్‌కు ట్రంక్ కాల్ చేసేవాణ్ని. వచ్చే టోర్నమెంటు ఎప్పుడన్నదే ఆయన మొదటి ప్రశ్న. రోజూ పొద్దున ఒక్కడే ఆడుతున్నాడట, బ్లాక్ ఒక్కటే పెట్టుకుని. ఆ టోర్నమెంటు ఒక ఏడు వానల వల్ల వాయిదా పడింది. తర్వాత ఎలక్షన్ల వల్ల పడింది. ఆ తర్వాత సంఘమే రెండుగా చీలి ఒకరి టోర్నమెంటును ఒకరు ఒప్పుకోకుండా పోయారు. కొన్నాళ్లకు రెండు సంఘాల వాళ్లూ మార్కర్ల పోటీ సంగతే మర్చిపోయారు. మొదటిదే చివరిది అయింది. మా ర్యాంకుల్ని మార్చేవాళ్లు లేకపోయారు. ఆ లెక్కన నేను ఇప్పటికీ రాష్ట్రంలో మొదటి ర్యాంకు ప్రొఫెషనల్‌ని. నడుము వంగని ఆ నల్లగొండ ఆయన ఇప్పటికీ సెమీ ఫైనలిస్టే.

తొంభైలు సగం గడిచేసరికి మహబూబ్‌నగర్ క్లబ్బులో బిలియర్డ్స్ ఆడేవాళ్లు తగ్గిపోయారు. వకీల్ సాబ్ కాలం చేశాడు. కొత్త కమిటీ ఆ గదిని పేకాటకు ఇచ్చి బల్లను అమ్మేసింది. భాయ్ కొల్లాపూర్ వెళ్లిపోయాడు. అక్కడ ఫోన్ లేదు. నాలుగైదేళ్లలో నేను ఒక్కసారి వెళ్లి చూడగలిగాను. తమ్ముడి కిరాణా దుకాణంలో కూర్చుని ఉన్నాడు. కళ్లలో పొరలు వచ్చాయి. తూకం రాళ్లు తడిమి తీస్తున్నాడు. నేను పోరుపెట్టి హైదరాబాద్ రప్పించాను. కంటి దవాఖానలో ఆపరేషన్ చేయించాం. కొన్ని వారాల తర్వాత డాక్టరుకు మళ్లీ చూపించడానికి వచ్చిన రోజు, దవాఖాన తెరవకముందే ఆయన్ని మా క్లబ్బుకు తీసుకెళ్లాను.

పొద్దున వేళ, ఎవరూ లేరు. నేను దీపం వేయగానే భాయ్ తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"గింత పచ్చగ ఉంటదా తమ్మీ బట్ట?" అన్నాడు.

దగ్గరికి వచ్చి అరచేత్తో నిమిరాడు. ఒక్కొక్క బంతినీ చేతిలోకి తీసుకుని, రంగు చూసి, మళ్లీ పెట్టాడు. క్యూలు అన్నీ చూసి ఒకటి ఎంచుకున్నాడు. ఒక ఆట ఆడాం. మొదట్లో చేతికి అందలేదు. ఆగి, నవ్వి, మళ్లీ వంగేవాడు. మెల్లగా పాత ఆట తిరిగొచ్చింది. నేనేమీ వదల్లేదు. ఆయన కోసమని ఒక్క బంతిని కూడా ఉండనివ్వలేదు. అయినా చివరికి బ్లాక్ ఆయనకే మిగిలింది. వంగి, తొందర లేకుండా, చెయ్యి కదలకుండా దాన్ని పాకెట్‌లో వేశాడు. లేచి నా వైపు చూడలేదు. పాకెట్ వైపే చూస్తూ, "మల్లొక్కటి పేర్చు" అన్నాడు.

ఎరుపు బంతులను చట్రంలో పేర్చాను. రంగు బంతులను వాటి చోట్లలో పెట్టాను. భాయ్ తెల్ల బంతి పెట్టుకోబోతున్నాడు. అప్పుడే తలుపు తెరుచుకుని ఒక సభ్యుడు వచ్చాడు. ఆ రోజు కోర్టు కచేరీలకు సెలవట, పొద్దున్నే ఆడదామని వచ్చాడట. మంచివాడే. మమ్మల్ని చూసి, "కానియ్యండి, నేను ఆగుతా" అన్నాడు. కానీ ఆ మాట పూర్తయ్యేలోపే భాయ్ క్యూను దాని చోట పెట్టేశాడు, సభ్యుడికి సలాం చేశాడు, దవాఖానకు వేళయిందని నాతో చెప్పాడు. వెంట వస్తానంటే వద్దన్నాడు. ఇప్పుడు దారి బాగా కనపడుతోందని, అక్కడి నుంచి అటే కొల్లాపూర్ బస్సు ఎక్కుతానని, డ్యూటీ చూసుకోమని చెప్పి బయటికి వెళ్లాడు.

మేం పేర్చుకున్న ఆటను సభ్యుడు మొదలుపెట్టాడు. ఎరుపులు చెదిరిపోయాయి. నేను బోర్డు దగ్గర నిలబడి స్కోరు జరుపుతూ కిటికీలోంచి చూశాను. భాయ్ గేటు దాటలేదింకా. గోడ మీది కాగితం పూల దగ్గర ఆగి, కొమ్మ ఒకటి కిందికి వంచి, ఆ రంగును దగ్గరగా చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కొమ్మను మెల్లగా వదిలి, ఎండలో నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆయన్ని నేను చూడడం అదే ఆఖరు.